ఆషాఢం ఎపిసోడ్లు

20 జూన్ 2012, బుధవారం

ఆషాఢం వచ్చింది. ఇక శ్రావణం దాకా పెళ్లిళ్లు లేవు. కెమెరా తుడిచి సంచిలో పెట్టాను. పాల్మాకుల పెళ్లి డీవీడీ వాపసు వచ్చింది. పెళ్లికూతురు తక్కువ కనబడుతోందని ఆ పిల్ల మేనమామకు కోపం. తాళి కట్టే సమయంలో అడ్డం నిలబడ్డది ఆయన వీపే. ఆ మాట ఆయనతో అనలేదు. మళ్లీ ఎడిట్ చేసి ఇస్తానన్నాను.

సాయంత్రం సుధీర్ డ్యూటీ దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా మంచం మీద కూర్చున్నాడు. ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులిచ్చే కౌంటర్‌లో పని చేస్తాడు. తణుకు మనిషి. గదిలో ఉన్నప్పుడు కూడా ప్రయాణికులతో మాట్లాడినట్టే మాట్లాడతాడు.

"ఐలయ్య గారూ, ఈ నెలంతా మీ కెమెరా ఖాళీయే కదండీ?"

"ఖాళీనే."

"అయితే మనం ఒక సిరీస్ తీద్దామండీ. యూట్యూబ్‌లో పెడదాం. ముగ్గురు బ్యాచిలర్లు, ఒక గది, ఒక్కరికీ అమ్మాయి దొరకదు. పూర్తి కామెడీ."

నవీన్‌కుమార్ క్యాబ్ తాళం వేలికి తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడి విన్నాడు. "గిది కామెడీ ఏందన్నా? గిది మన బతుకు."

"అందుకేనండీ. సెట్టింగు ఖర్చుండదు."

సరే అన్నాను. ఖాళీగా ఉంటే కెమెరా పాడవుతుంది.

పిల్ల సంగతి నాకు పెద్ద పట్టింపు లేదు. ఇప్పటికి మూడు పెళ్లిచూపులు అయ్యాయి. మూడు ఇళ్లలోనూ టిఫిన్ బాగుంది. మూడో ఇంటివాళ్లు మధ్యవర్తిని 'పిలగానికి మాటలొస్తయా' అని అడిగారట. వస్తాయి. ఏదైనా అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

22 జూన్, శుక్రవారం

సుధీర్ మొదటి ఎపిసోడ్ రాసి తెచ్చి చదివాడు. తనే హీరో. నవీన్ హీరో స్నేహితుడు. మూడో బ్యాచిలర్ కెమెరా వెనకాల ఉంటాడు కాబట్టి కనబడడు. నాకు నచ్చింది.

హీరో హీరోయిన్‌తో అంటాడు: "మీ కళ్లలో నాకు రన్‌వే కనిపిస్తోంది."

"రన్‌వే అంటే ఎడమ కన్నా, కుడి కన్నా?" అన్నాడు నవీన్.

"రెండూనండీ."

"మరి ముక్కేంది, టవరా?"

సుధీర్ కాగితాలు మడిచి స్నానానికి వెళ్లిపోయాడు. సిరీస్‌కు పేరు మాత్రం కుదిరింది. 'పిల్ల ఏడున్నది?' సుధీర్‌కు ఇంగ్లీషు పేరు పెట్టాలని ఉంది. ఇది నవీన్ నోటి నుంచి విసుగులో వచ్చింది. అదే బాగుంది.

24 జూన్, ఆదివారం

హీరోయిన్ దొరకలేదు. సుధీర్ పక్క కౌంటర్ సంయుక్తను అడిగాడు. ఆమె సంతోషంగా విని, ఆఫీసులో ఎవరికి ఫిర్యాదు చేయాలో కనుక్కుందట. నవీన్ తన క్యాబ్‌లో ఎక్కిన ఒకామెను అద్దంలో చూస్తూ 'మేడం, మీరు యాక్టింగ్ చేస్తరా' అని అడిగాడు. మెహిదీపట్నం పోవాల్సిన మనిషి ఆరాంఘర్‌లోనే దిగిపోయింది.

నేను ఎవరినీ అడగలేదు.

26 జూన్, మంగళవారం

స్క్రిప్టు టైపు చేయించడానికి బస్టాండు వెనక నెట్ సెంటర్‌కు వెళ్లాం. జిరాక్సులు, టైపింగు, ఇంటర్నెట్ అన్నీ మంజులే చూసుకుంటుంది. నా డీవీడీ కవర్ల మీద పేర్లు కూడా అక్కడే ప్రింటు తీయిస్తాను. పనిమంతురాలు. పెళ్లికూతుళ్ల పేర్లలో ఒక్క ఒత్తు కూడా తప్పు పోనివ్వదు.

సగం టైపు చేసి వేళ్లు ఆపింది. భుజాలు కదులుతున్నాయి. దగ్గు అనుకున్నాను. నవ్వు.

"గిది ఎవరు రాసిండ్రు?"

"నేనేనండీ," అన్నాడు సుధీర్, కాలరు సర్దుకుని.

"సుధీరన్నా, ఇండ్ల పిల్ల మాట్లాడే మాటలన్నీ మీసాలున్నోడు మాట్లాడినట్టున్నయి. గింతసేపు పొగిడిపిచ్చుకునుడు ఎవలకు చాతనైతది? ఏ పిల్లయినా 'నాకు బస్సు పోతది' అంటది."

"అయితే మీరే ఆ అమ్మాయిగా చేయండి."

సుధీర్ కోపంతో అన్నాడు. ఆమె నిజమనుకుంది. స్క్రీన్ మీద నుంచి తల ఎత్తి, సుధీర్ వెనకాల ఉన్న నా వైపు చూసి, "కెమెరా ఎవరిది?" అంది.

"నాది," అన్నాను.

"మా అమ్మనడగాలె," అంది.

28 జూన్, గురువారం

మంజుల తల్లి లచ్చమ్మ గది చూడటానికి స్వయంగా వచ్చింది. భర్త పోయాక కూరగాయలమ్మి కూతురిని డిగ్రీ చదివించిన మనిషి. మెట్లెక్కి, గది నాలుగు మూలలూ చూసి, నవీన్ చొక్కాలు వేలాడేసిన తాడు చూసి, "గీ ఇంట్ల పిల్ల ఏడ దొరుకుతది?" అంది. మా సిరీస్ పేరు ఆమెకు తెలియదు.

షరతులు: షూటింగ్ జరిగినంతసేపు ఆమె అక్కడే కూర్చుంటుంది. చేయి పట్టుకునే సీన్లు ఉండవు. పొద్దు గూకకముందే ఇంటికి. సుధీర్ అన్నిటికీ తల ఊపాడు. చేయి పట్టుకునే సీన్ దగ్గర మాత్రం కొంచెం నెమ్మదిగా ఊపాడు.

1 జూలై, ఆదివారం

మొదటి షూటింగ్. డాబా మీద.

మా నెత్తి మీదుగానే విమానాలు దిగుతాయి. మాట మధ్యలో విమానం వస్తే శబ్దం అంతా పోతుంది. సుధీర్ తెలివిగా ఫ్లైట్ల సమయాలు రాసుకొచ్చాడు. ఏ రెండింటికి మధ్య ఎంత ఖాళీ ఉందో చూసి, దానికి తగ్గట్టు డైలాగులు పంచాడు. అయితే ఢిల్లీ ఫ్లైటు ఆలస్యమై సరిగ్గా 'నేను నిన్ను' అన్నచోట దిగింది. మళ్లీ తీశాం. ఈసారి బెంగళూరుది ముందే వచ్చేసింది. సుధీర్ ఆకాశం వైపు చూసి తిట్టాడు. తన సొంత కంపెనీ విమానాన్నే తిట్టాడు.

లచ్చమ్మ చిక్కుడుకాయలు తెచ్చుకుని నీళ్ల ట్యాంకు నీడలో ఒలుస్తూ కూర్చుంది. ఎటు నుంచి పెట్టినా ఫ్రేములోకి వస్తోంది. జరగమంటే, "నేను జరిగితే పిల్ల నాకు కనబడదు," అంది. అట్లే ఉంచాను.

మంజుల మాటలు బాగా చెప్పింది. 'నాకు బస్సు పోతది' అన్నప్పుడు నవీన్ నవ్వు ఆపుకోలేక ట్యాంకు వెనక్కి పోయాడు. ఒకటే లోపం. సుధీర్ వైపు చూడాల్సినప్పుడు కెమెరా వైపు చూస్తోంది.

"కెమెరా దిక్కు చూడొద్దు," అన్నాను. "సుధీర్ దిక్కు చూడు."

"సుధీరన్న మొఖం మీద ఏం రాసున్నదని చూడాలె?"

కొత్తవాళ్లకు ఉంటుంది. నాలుగు సీన్లు చేస్తే పోతుంది.

3 జూలై, మంగళవారం

ఎడిటింగ్ పూర్తి చేశాను. నాకు ఇది ఎవరూ నేర్పలేదు. కంప్యూటర్‌లో ఒక్కో బటనూ నొక్కి చూశాను. నొక్కకూడనివి కూడా అట్లే తెలిశాయి. పెళ్లి వీడియోకు సూత్రం ఒకటే: ఎవరు ఏం చేస్తున్నా పెళ్లికూతురి ముఖం తరచుగా రావాలి. రాకపోతే డీవీడీ వాపసు వస్తుంది. చేయి ఆ అలవాటులోనే ఉంది.

సుధీర్ చూసి, మళ్లీ మొదటి నుంచి వేయమన్నాడు.

"ఐలయ్య గారూ, నా ప్రేమ డైలాగు వచ్చేటప్పుడు నేను లేనేంటండీ?"

"మాట వినబడుతుంది కదా."

"మాట నాదే. ముఖం ఆవిడది. చూసేవాళ్లు ఆవిడే మగ గొంతుతో మాట్లాడుతోందనుకుంటారు." ఇంకొంచెం ముందుకు వంగాడు. "చుట్టూ ఈ గులాబీలేంటి?"

"బార్డరు."

"నవీన్‌కు లేదే?"

నవీన్‌కు పెట్టి చూశాను. బాగాలేదు. తీసేశాను.

4 జూలై, బుధవారం

అప్‌లోడ్‌కు నెట్ సెంటర్‌కు వెళ్లాను. సగం పైకి వెళ్లాక కరెంటు పోయింది. మొదటి నుంచి మళ్లీ పెట్టాలి. కూర్చున్నాను.

మంజులతో పని విషయాలే మాట్లాడాను. ఆమె "చాయ్" అంది. నేను "సరే" అన్నాను. తర్వాత ఆమె "చక్కెర?" అంది. నేను "సరే" అన్నాను.

మళ్లీ కరెంటు పోయింది. ఎప్పుడూ విసుగొచ్చేది. ఇవాళ రాలేదు. వయసు పెరిగి ఓపిక వస్తోంది.

6 జూలై, శుక్రవారం

ఊహించని సంగతి. జనం చూస్తున్నారు. కింద వ్యాఖ్యలు వచ్చాయి. నవీన్ ఫోన్‌లో గట్టిగా చదివాడు.

'చిక్కుడుకాయల అమ్మ సూపర్.'

'హీరో ముఖం కనబడకుండా తీసిన డైరెక్టర్‌కు దండం.'

'పెళ్లి వీడియో లెక్క తీసి నవ్వించిండ్రు, మస్తు ఐడియా.'

'ఆ పిల్ల ఎవరిని చూస్తుంది భయ్?'

ఈ చివరిది చాలామంది అడిగారు. సుధీర్ రెండో వ్యాఖ్య దగ్గరే ఆగిపోయి, మిగతావి వినలేదు. నేను విన్నాను. చూపు దోషం అందరికీ తెలిసిపోతోంది. వచ్చేసారి సరిచేయాలి.

8 జూలై, ఆదివారం

రెండో ఎపిసోడు, మూడో ఎపిసోడు కలిపి తీశాం. లచ్చమ్మ ఈసారి కొత్త చీర కట్టుకుని, తోటకూర తెచ్చుకుంది. చూపు దోషం పోలేదు.

10 జూలై, మంగళవారం

నాలుగో ఎపిసోడుకు ఒక ఉపాయం చేశాను. కెమెరాను స్టాండు మీద బిగించి, సుధీర్ భుజం పక్కనే పెట్టాను. ఆమె కెమెరాను చూసినా సుధీర్‌ను చూసినట్టే ఉంటుంది. బటన్ నొక్కి నేను దూరంగా జరిగి, మెట్ల గోడ దగ్గర నిలబడ్డాను.

రాత్రి స్క్రీన్ మీద వేసి చూశాను. కెమెరా వైపు చూడటం లేదు. సుధీర్ వైపూ చూడటం లేదు. మెట్ల గోడ వైపు చూస్తోంది.

అంటే లోపం కెమెరాలో లేదు. ఆ గోడ మీద ఎండ పడి మెరుస్తోందేమో. లైటింగ్ సంగతి చూడాలి.

12 జూలై, గురువారం

హిమాయత్ సాగర్ దగ్గర ఐదో ఎపిసోడు. హీరో స్నేహితుడు తన మనసులో మాట చెప్పే సీన్. నీళ్ల మీద నుంచి వానగాలి కొట్టి గొడుగు తిరగబడింది. నవీన్ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పువ్వు పట్టుకుని, డైలాగు మరిచిపోయి, "మేడం, డ్రాపింగ్ ఎక్కడ?" అన్నాడు.

అందరూ నవ్వారు. లచ్చమ్మ నవ్వలేదు. లేచి వచ్చి నవీన్ చేతిలో గొడుగు గుంజుకుంది.

"పిల్లనడిగేటప్పుడు గిట్ల వంకర నిలబడ్తరా? సీదా నిలబడు. పువ్వెందుకు? చేతులు కట్టుకో. గొంతు పెద్దగ చెయ్యి, ఎవలకు భయపడుతున్నవ్?"

"నీకే భయపడుతున్న అత్తా," అన్నాడు నవీన్.

"నా తోని కాదు పెండ్లి."

ఇది కూడా రికార్డయింది. ఉంచాను. సీన్ అయ్యాక మంజుల తడిసిన జడ పిండుకుంటూ స్టాండు దగ్గరికి వచ్చింది.

"ఇగో. గిప్పుడు తీసింది నాకు జర చూపియ్యి."

చూపించాను. పక్కనే నిలబడి చూసింది. చిన్న స్క్రీన్ కదా, దగ్గరగా నిలబడితే గాని కనబడదు.

13 జూలై, శుక్రవారం

ఒక విషయం మనసులో పెట్టుకోకూడదని రాసుకుంటున్నాను. మంజుల సుధీర్‌ను సుధీరన్నా అంటుంది. నవీన్‌ను నవీనన్నా అంటుంది. గోడకు పోస్టర్లు అంటించేవాణ్ణి కూడా అన్నా అని పిలుస్తుంది. నన్ను మాత్రం 'ఇగో', 'ఓ', 'గీడ చూడు' అంటుంది. మొదట్లో నన్నూ ఐలన్నా అనేది. గుర్తుంది. షూటింగ్ మొదలైనప్పటి నుంచి మానేసింది.

నేను పదో తరగతితో ఆపేశాను. ఆమె డిగ్రీ. చులకన చేస్తోందనుకుంటాను. దానికి జవాబు మర్యాదే. ఇవాళ ప్రింట్లకు వెళ్లి, "మంజుల గారూ, మీకు వీలైతే ఇవి ప్రింట్ తీస్తారా" అన్నాను.

ఆమె కాగితాలు బల్ల మీద పడేసి, "గారా?" అని లోపలికి వెళ్లిపోయింది. ప్రింట్లు తమ్ముడి వరసయ్యే పిల్లవాడెవరో వచ్చి ఇచ్చాడు.

మర్యాద ఇస్తే కోపమెందుకో తెలియదు.

14 జూలై, శనివారం

మంజుల నాతో మాట్లాడటం లేదు.

15 జూలై, ఆదివారం

చివరి ఎపిసోడు. కథ ప్రకారం హీరోకు పిల్ల దొరకదు. మంజుల ఎవరినో చేసుకుని వెళ్లిపోతుంది. బస్‌స్టాపులో తీశాం. మంజుల బస్సెక్కింది. కిటికీలోంచి చూసింది. నేను కెమెరా పట్టుకుని పక్కనే కొంత దూరం పరిగెత్తాను. ఆ షాట్ స్క్రిప్టులో లేదు.

సామాను సర్దుతుంటే లచ్చమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఐలయ్యా, పిల్లకు సంబంధమొచ్చింది. కందుకూరోల్లు. పిలగానికి విత్తనాల దుకాణమున్నది, ట్రాక్టరున్నది. వచ్చే ఐతారం చూడొస్తున్నరు. కుదిరితే శ్రావణంలనే చేసేస్త. వీడియో నువ్వే తియ్యాలె. గా సినిమాల నా బిడ్డను మంచిగ చూపించినవ్. పెండ్లిల కూడ గట్లనే చూపియ్యాలె."

సరే అన్నాను. అడ్వాన్సు ఇస్తానంటే, తెలిసినవాళ్ల దగ్గర వద్దన్నాను.

కందుకూరులో నాకు చాలామంది తెలుసు. విత్తనాల దుకాణమంటే మంచి వ్యాపారమే.

16 జూలై, సోమవారం

లెన్సులు తుడిచాను.

17 జూలై, మంగళవారం

లెన్సులు తుడిచాను. మంచి వ్యాపారమే. కానీ ఆ దుకాణాల్లో పురుగుల మందు వాసన బట్టలకు పట్టుకుంటే పోదంటారు. ఆమెకు తెలుసో లేదో.

18 జూలై, బుధవారం

చివరి ఎపిసోడు ఎడిట్ చేసి ఇద్దరికీ చూపించాను. 

"ఐలన్నా," అన్నాడు నవీన్, "ఇండ్ల నేనేడున్న?"

"చివర్లో ఉన్నావు."

"చివర్ల నా చెప్పులున్నయి."

"నేను మొదట్లో ఉన్నానండీ," అన్నాడు సుధీర్. "వెనక్కి తిరిగి."

నవీన్ కంప్యూటర్ ఆపేసి, కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు. క్యాబ్‌ను ఆపిన పోలీసులు తనతో మాట్లాడే గొంతు అది.

"గా పిల్ల నన్నేమంటది?"

"నవీనన్న."

"గీ అన్నను?"

"సుధీరన్న."

"నిన్ను?"

"ఏమీ అనదు."

"ఎందుకనదు?"

"చదువు లేదని."

నవీన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. సుధీర్ మంచం మీద వెల్లకిలా పడిపోయి పైకప్పు వైపు చూస్తూ, "భగవంతుడా, ఈయన్ని గదిలో పెట్టుకుని నేను కామెడీ రాయడానికి అన్ని రాత్రులు కూర్చున్నానా," అన్నాడు.

"అరే, నిన్ను అన్నా అంటే రేపు పెండ్లి ఎట్లయితదే?" అన్నాడు నవీన్. "గందుకే ఇగో అంటది. నువ్వు గోడ కాడ నిలబడ్తె గోడను చూస్తది. నువ్వు పోయి గారూ అన్నవ్! యూట్యూబుల ఊరూరోల్లు అడుగుతున్నరు గదా, ఎవరిని చూస్తుంది అని. అందరికీ తెల్సింది, కెమెరా పట్టుకున్నోనికి తప్ప."

నేను కంప్యూటర్ మళ్లీ వేశాను. వాళ్లు పడుకున్నాక ఆరు ఎపిసోడ్లూ మొదటి నుంచి చూశాను. గోడ మీద ఎండ లేదు. ఆ రోజు మబ్బు.

19 జూలై, గురువారం

లచ్చమ్మ ఇంటికి వెళ్లాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ పోయాను. వాకిట్లో గోరుచిక్కుడు కట్టలు కడుతోంది. లోపల మంజుల ఏదో గిన్నె తోముతున్న చప్పుడు.

"కూసో బిడ్డా. ఏంది గిట్లొచ్చినవ్?"

కూర్చోలేదు. చేతులు కట్టుకున్నాను.

"పెండ్లి వీడియో నేను తియ్యలేను."

"ఏమైంది?"

"ఆ రోజు ఖాళీ లేదు."

లచ్చమ్మ కట్ట కట్టడం ఆపింది. "ఏ రోజు?"

"పెండ్లి రోజు."

"ఇంకా పిలగాడే చూడలే. తారీఖే పెట్టలే. ఏ రోజు ఖాళీ లేదు బిడ్డా?"

 శ్రావణంలో ఎన్ని ముహూర్తాలున్నాయో మనసులో చూసుకున్నాను, ఏదో ఒకటి చెబుదామని. ఏది చెప్పినా ఇంకోటి ఉంటుంది.

లోపల గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"ఏ రోజూ ఖాళీ లేదు," అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. గది చూడటానికి వచ్చినప్పుడు నాలుగు మూలలూ చూసినట్టు చూసింది.

"మీది గుమ్మడవెల్లి కదా? మీ మేనత్త స్వరాజ్యం, నేను ఒక్కతాన కూరగాయలమ్మినం. మనోల్లే." గోరుచిక్కుడు చేతిలోకి తీసుకుంది. "నేను అడిగితే దానికి కోపమొస్తది. నువ్వే అడుగు. కందుకూరోల్లకు రమ్మని చెప్పిన, ఐతారం పొద్దున బస్సెక్కుతరు. వొద్దనాలంటే రేపే చెప్పాలె, ముఖం మీద తలుపేసుడు మంచిగుండదు. రేపు మాపటికల్లా దాని నోట ఒక మాట రావాలె. లేకుంటే పిలగాడు వచ్చి చూస్తడు, నువ్వు వీడియో తీస్తవ్."

ఇప్పుడే అడుగుదామని లోపలికి చూశాను. మంజుల వెనక వాకిలి నుంచి నెట్ సెంటర్ తెరవడానికి వెళ్లిపోయింది.

20 జూలై, శుక్రవారం

రేపు మాపటికల్లా అంటే ఇవాళ మాపటికల్లా.

పొద్దున సుధీర్ నాకు ఒక కాగితం ఇచ్చాడు. అందులో రన్‌వే ఉంది. వాపసు ఇచ్చాను. నవీన్ క్యాబ్‌లో దించుతానన్నాడు. నడిచి వెళ్లాను.

శ్రావణ శుక్రవారం. కొట్టు నిండా మనుషులున్నారు. ఒకరికి పాస్‌పోర్టు ఫారం, ఒకరికి హాల్ టికెట్టు. మంజుల తల ఎత్తకుండానే, "లైన్ల రావాలె," అంది. అది నాకే చెప్పిందో అందరికీ చెప్పిందో తెలియదు. లైన్లో నిలబడ్డాను. నా ముందు శాతంరాయి గోపయ్య తాత ఉన్నాడు. చేతిలో రేషన్ కార్డు.

ఆయన వంతు వచ్చింది. మంజుల కార్డు తీసుకుంటూ నన్ను చూసింది.

"నీకేం కావాలె?"

అందరూ వెళ్లాక అడగాలనుకున్నాను. వెనక్కి చూశాను. తలుపు దాకా జనం. ఈ కొట్టు సాయంత్రం దాకా ఖాళీ కాదు. మాట సాయంత్రంలోపే రావాలి. ఇద్దరి మధ్య గోపయ్య తాత తలపాగా ఉంది. దాని మీదుగా చెప్పాను.

"కందుకూరోల్లను రానియ్యకు."

"ఎందుకు?"

"నేనున్న."

కొట్టులో ప్రింటరు ఒక్కటే తిరుగుతోంది.

"ఉన్నవ్ సరే," అంది మంజుల. కార్డును బల్ల మీద తిప్పుతోంది. "ఉంటే ఏంది?"

ఇంతవరకే అనుకుని వచ్చాను.  గోపయ్య తాత నా వైపు తిరిగి చూశాడు, ఆమె వైపు తిరిగి చూశాడు.

"చెప్పు బిడ్డా," అన్నాడు. "అడుగనీకె వచ్చినవ్ కదా, సగం అడిగి నిలబడ్తె ఎట్ల? నాకు బస్సు పోతది."

"నన్ను చేసుకుంటవా?" అన్నాను. పెద్దగానే వచ్చింది. హాల్ టికెట్టు పిల్లలు ఫోన్లు దించారు.

మంజుల కార్డు తిప్పడం ఆపింది. నన్ను కాకుండా కార్డు మీద ఫొటోనే చూస్తోంది. గోపయ్య తాత ఫొటోలో చూడటానికి ఏముందో.  అప్పుడు తల ఎత్తి నేరుగా నన్ను చూసింది. నేను కూడా చూశాను. మధ్యలో లెన్సు లేకుండా చూడటం ఇదే మొదటిసారి. నా ముఖం ఎట్లా పెట్టాలో తెలియలేదు.

"అన్ని రోజులు చూసిన గదా. కనబడలేదా నీకు?"

"లైటింగ్ అనుకున్న."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఈసారి దగ్గు అనుకోలేదు. తర్వాత కుర్చీ వెనక్కి తోసి లేచి, ఫోన్ తీసుకుంది.

"నువ్వు లోపలికి రా. తాతకు రెండు కాపీలు తియ్యి. నేను బయటికి పోయి అమ్మకు చెప్పొస్త, కందుకూరోల్లకు ఇప్పుడే ఫోన్ చెయ్యమని. ఐతారమొస్తే వాళ్ల ముఖం చూడలేం."

బల్ల చెక్క ఎత్తి నాకు దారిచ్చి, నా పక్క నుంచే బయటికి వెళ్లింది. గుమ్మం అవతల ఆమె గొంతు వినబడుతోంది. "అమ్మా... ఆఁ, అడిగిండు... అందరి ముందలనే... నవ్వకు."

నేను లోపల నిలబడ్డాను. ఈ జిరాక్స్ మిషను నాకు తెలియదు. ఒక్కో బటనూ నొక్కి చూశాను. మొదటి కాపీ నల్లగా వచ్చింది. రెండోది వంకరగా వచ్చింది, తాత ముఖం సగమే పడింది.

"గిది కొత్త పిలగాడా?" అన్నాడు గోపయ్య తాత, లైన్లో ఉన్నవాళ్లతో.

"ఇయ్యాల్నే చేరిండు తాతా," అన్నారెవరో.

మళ్లీ తీశాను. ఈసారి ముఖం మొత్తం పడింది.